కంటికీ మంటికీ మధ్య ఒక చుక్క

చెప్పుల దుకాణం పైన మూడు గదుల్లో ఉండేది ఆ అచ్చాఫీసు. అచ్చాఫీసనగానే సిరా వాసన, యంత్రాల మోత ఊహించుకోకండి. అక్కడ వెతికినా సిరా దొరకదు. ఉన్నవన్నీ వేళ్ళతో చదువుకునే చుక్కలే. చూపు లేనివాళ్ళ కోసం పరిశుద్ధ గ్రంథాన్ని భాగాలుగా విడగొట్టి చుక్కల లిపిలోకి ఎక్కించడం అక్కడి పని. పదకొండేళ్ళుగా ఎక్కిస్తూనే ఉన్నారు, ఇంకా సగం దాటలేదు.

తప్పులు పట్టే ఆవిడ పేరు చుక్కలత్త. అసలు పేరు జీతాల రోజున మేనేజరుకు తప్ప ఎవరికీ గుర్తు రాదు. పుట్టుకతోనే చూపు లేదు. రాసిన ప్రతి కాగితం ఆవిడ కుడిచేతి చూపుడువేలి కింద నుంచి వెళ్ళాల్సిందే. తప్పుంటే కాగితం మూల మడిచి వెనక్కి పంపేది, అంతే, ఒక్క మాట అనేది కాదు. రోజుకు ఐదారు మూలలు మడిచేసరికి కొత్తగా చేరినవాళ్ళకు కళ్ళు బైర్లు కమ్మేవి. 'పేరుకు తగ్గట్టు పట్టపగలే చుక్కలు చూపిస్తోందిరా బాబూ' అని గొణుక్కునేవాళ్ళు. ఒకసారి ఆ మాట ఆవిడ చెవిన పడింది. తనకు కనపడనివి వాళ్ళకు చూపిస్తోందంటే తనెంత గొప్పదో చూసుకోమని నవ్వేసింది. ఆ నవ్వులో ఎక్కడా ముల్లు లేదు. అలాంటి మనుషులు అరుదు. వేలెత్తి చూపించడమే ఉద్యోగమైనా ఎవరినీ వేలెత్తి చూపించని మనిషిని నేనైతే ఇంకొకరిని చూడలేదు.

రాసేవాళ్ళు నలుగురు. కిటికీ వైపు వరసలో ఇద్దరు, గోడ వైపు వరసలో ఇద్దరు. గోడ వైపు మొదటి బల్ల టీచరమ్మది. ఆవిడ పనిచేసిన బడి మూతపడ్డాక, ఆరేళ్ళ కిందట ఇక్కడ చేరింది. భర్త బస్సు నడుపుతాడు, కూతురు పదో తరగతి. ఇనుప పలకలో దళసరి కాగితం బిగించి, పిడి ఉన్న సూదితో వెనకవైపు నుంచి, కుడి నుంచి ఎడమకు, అక్షరాలన్నీ తిరగేసి పొడుచుకుంటూ పోవాలి. కాగితం తిప్పితే చుక్కలు పైకి తేలతాయి. మామూలు మనుషులకు ఏడాది పట్టే ఈ విద్య టీచరమ్మకు మూడు నెలల్లో పట్టుబడింది. గోడ మీద ఒక బోర్డుండేది, ఎవరి బల్లకు ఎన్ని కాగితాలు వెనక్కి వచ్చాయో దాని మీద రాసేవారు. మూడేళ్ళుగా టీచరమ్మ పేరు ఎదుట సున్నా. పైకి ఏమీ అనేది కాదు గానీ, రోజూ పొద్దున్నే సంచి కొక్కేనికి తగిలిస్తూ ఆ సున్నా వైపు ఓ చూపు చూడకుండా కూర్చునేది కాదు.

ఇక తప్పు ఎలా జరిగిందో చెప్తాను. అత్త చదివి సరే అన్న ఒక కీర్తన కాగితం మీద టీచరమ్మ చేతిలోని టీ ఒలికింది. చుక్కలు నానిపోయాయి. తిరగరాసింది. తిరగరాసిన కాగితం మళ్ళీ అత్త వేలి కిందకు వెళ్ళి తీరాలన్నది అక్కడి కట్టుబాటు. ఆ రోజు అత్త పంటి నొప్పితో పెందలాడే ఇంటికెళ్ళిపోయింది. అవతల గదిలో కాపీలు తీసే మెషిన్ ఆ కట్ట కోసమే ఆగి ఉంది. ఈ చేతికి తప్పెక్కడ వస్తుందిలే అనుకుని టీచరమ్మ కాగితాన్ని కట్టలో దూర్చేసింది.

వచ్చింది. చుక్కల లిపిలో 'క'కు రెండు చుక్కలు. పై వరసలో పక్కన ఇంకొక్కటి పడిందా, అది 'మ' అయి కూర్చుంటుంది. ఆ కీర్తన, మనం చేసేది దేవుడు చూడడులే అని చాటుగా చెడ్డపనులు చేసేవాళ్ళను నిలదీసే కీర్తన. చెవిని చేసినవాడికి వినపడదా, కంటిని చేసినవాడికి కనపడదా అని అడుగుతుంది. టీచరమ్మ సూది ఒక్కసారి జారి 'కంటిని' అన్న మాట 'మంటిని' అయింది. మట్టిని చేసినవాడూ ఆయనే కాబట్టి అర్థం పెద్దగా చెడలేదు, అదే తమాషా. వంద పుస్తకాలు బయటికి వెళ్ళిపోయాయి. మూడు నెలలు ఎవరూ కిక్కురుమనలేదు.

ఒక శనివారం ఉత్తరం వచ్చింది. చూపు లేని ఒక బోధకుడు ఆ కీర్తనను సంఘం ముందు వేలితో చదువుతుంటే, అది కంఠతా వచ్చిన ఒక ముసలావిడ లేచి సరిదిద్దిందట. ఆయన కోప్పడలేదు. కంటిని చేసినవాడి సంగతి ఆ కీర్తనలో ఉందని చిన్నప్పుడు విన్నామనీ, చూపు లేని తమకు ఆ మాట మిగతావాళ్ళకన్నా కాస్త ఎక్కువ కావాలనీ, దయచేసి సరిచేసి పంపమనీ రాశాడు. మేనేజరు దాన్ని అందరి ముందూ చదివాడు. అసలు కాగితాన్ని సోమవారం బీరువాలోంచి తీసి చూద్దామన్నాడు.

 ఆ కాగితం ఏదో, ఆ రోజు ఏం చేసిందో టీచరమ్మకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. మధ్యాహ్నం అందరూ భోజనానికి కిందికి దిగారు. ఆమె బీరువా తెరిచి, కాగితం తీసి, ఆ ఒక్క చుక్కను ముందు గోటితో, తర్వాత చెంచా వీపుతో నొక్కి చదును చేసింది. పైకెత్తి వెలుతురులో చూసింది. చుక్క జాడ లేదు. మూడో కంటికి తెలియకుండా పని అయిపోయింది. మెట్లు దిగి అందరితోపాటు కూర్చుని అన్నం తిన్నది కూడా.

దాచిపెట్టిన పని ఒంటరిగా ఉండదు, ఎవరో ఒకరి నెత్తిన పడి తీరుతుంది. ఇది పడింది కాపీలు తీసే మెషిన్ బాబాయి నెత్తిన. కాగితం మీద పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచి, మూత దించి వేడి చేసి, లోపలి గాలి లాగేస్తే షీటు ఆ చుక్కలకు అతుక్కుని అదే రూపం పట్టుకుంటుంది. ఒక్క కాగితం నుంచి వంద కాపీలు. అయితే కాగితానికి ఇసుక రేణువు అంటుకుని ఉన్నా అదీ చుక్కగానే దిగుతుంది. అందుకే ప్రతి కాగితాన్నీ పెట్టేముందు కుంచెతో దులపడం బాబాయి పని. సోమవారం పొద్దున కాగితం తీసి చూస్తే శుభ్రంగా ఉంది, 'కంటిని' అనే ఉంది. కాపీల్లో మాత్రం 'మంటిని'. ఇంకేముంది, బాబాయి దులపలేదన్నారు. ఆయనకు అరవై దాటాయి. వేళ్ళు వణుకుతున్నాయని కొన్నాళ్ళుగా మాట నడుస్తూనే ఉంది. శుక్రవారంతో మెషిన్ ఇంకొకరికి అప్పగిస్తానని మేనేజరు చెప్పాడు. బాబాయి భార్య పోయి రెండేళ్ళయింది. ఈ పని పోతే కూతురి ఇంటికెళ్ళి అల్లుడి పంచన కూర్చోవడం తప్ప ఆయనకు దారి లేదు. ఆయన దులిపాననే అన్నాడు, ఒక్కసారే అన్నాడు.

కంటిలో ఒక చుక్క ఎక్కువ పొడిచి మన్ను చేసిన మనిషి, ఆ మన్ను తీసుకెళ్ళి ఒక ముసలాయన నోట్లో కొట్టింది. టీచరమ్మకు ఆ పోలిక అప్పుడే తట్టింది, తట్టినా నోరు విప్పలేదు.

మేనేజరు ఆ కాగితాన్ని ఊరికే మాటవరసకు చుక్కలత్త చేతిలో పెట్టాడు. అత్త వేలు పంక్తి వెంట సాగింది. ఆ మాట దగ్గర ఆగింది. ఎంతసేపు ఆగిందో ఇంకెవరూ గమనించలేదు, టీచరమ్మ మాత్రం లెక్కపెట్టింది. చూసే కంటికి చదునైన చుక్క లేనట్టే. చదివే వేలికి అలా కాదు, అక్కడ కాగితం పీచు నలిగి మెత్తబడి ఉంటుంది. అత్త ముఖం మారలేదు. శుక్రవారం దాకా ఈ కాగితం తన దగ్గరే ఉంచమనీ, ఆ కీర్తనల పుస్తకంలో ఎవరు రాసినవి వాళ్ళవి విడిగా కట్టకట్టి, ప్లాస్టిక్ కాపీలతో సహా తన బల్ల మీద పెట్టమనీ అడిగింది. ఎందుకని మేనేజరు అడిగితే, నిదానంగా చదువుకోవాలంది.

మంగళవారం పొద్దున ప్లాస్టిక్ కాపీల కట్ట బీరువాలోకి తిరిగి వెళ్ళింది. దానితో తనకు పని అయిపోయిందని అత్త అంది. మేనేజరు తల కూడా ఎత్తలేదు. అర్థమైంది ఒక్క టీచరమ్మకే. తప్పు మెషిన్ గదిలో లేదు, రాసేవాళ్ళ గదిలోనే ఉందని అత్త తేల్చేసింది. బుధవారం పొద్దున కిటికీ వరస వాళ్ళిద్దరి కట్టలూ వాళ్ళకు వెళ్ళిపోయాయి. ఇక మిగిలినవి రెండు. ఒకటి పక్కబల్ల ఆవిడది, రెండోది తనది.

ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర, బాబాయి ఉద్యోగం పోతోందని చెప్పింది. అంతవరకే చెప్పింది. భర్త చెయ్యి కడుక్కుంటూ, పోయిన ఏడు తన బస్సులో మరిచిపోయిన గొడుగు కోసం ఆ పెద్దాయన డిపో దాకా నడిచొచ్చాడనీ, అది ఆయన సొంతం కూడా కాదు, ఆఫీసుదనీ, అంత జాగ్రత్తపరుడు దులపకుండా ఎలా పెట్టాడో అర్థం కావట్లేదనీ అన్నాడు. కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండా, "మరి నిజంగా ఆయనే చేశాడా అమ్మా?" అంది. టీచరమ్మ కంచాలు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. మూడేళ్ళ సున్నాకు ఇంత వెల ఉంటుందని ఆమె అనుకోలేదు.

గురువారం ఆమె వంతుకు కొత్త అధ్యాయం వచ్చింది. పాత నిబంధనలో యుద్ధాల పుస్తకం. ఒక పట్టణం గెలిచాక అక్కడి సొమ్ము ఎవరూ ముట్టకూడదని ఆజ్ఞ. ఒక సైనికుడు ముట్టాడు. మంచి పైవస్త్రం, కొంత వెండి, బంగారపు కమ్మీ ఒకటి తెచ్చి తన డేరాలో నేల తవ్వి పాతిపెట్టాడు. తర్వాతి యుద్ధం చిన్నది, ఓడిపోవలసిన యుద్ధం కాదు. ముప్ఫై ఆరుగురు చచ్చిపోయారు. వాళ్ళకు డేరా కింద ఏముందో తెలియదు. వాళ్ళకు ఆ సంగతితో సంబంధమే లేదు.

టీచరమ్మకు ఈ కథ చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసిన కథలను మనం గబగబా చదివేస్తాం, ముగింపు మన జేబులోనే ఉంటుంది కదా. సూదితో పొడుస్తూ చదివితే అలా కుదరదు. ఒక్కో అక్షరం దగ్గరా ఆగాలి. దోషిని పట్టుకునే చోటికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఇంకా నెమ్మదించింది. రేపు పొద్దున అందరూ రండి అన్నారు. దేవుడి సూచన మీద ముందు గోత్రం తేలింది. తర్వాత ఆ గోత్రంలో వంశం. తర్వాత ఆ వంశంలో ఇల్లు. తర్వాత ఆ ఇంట్లో మనిషి. అన్నీ చూసే దేవుడు ఒక్క పేరు చెప్పి ఊరుకోవచ్చు కదా, ఇంత సాగతీత దేనికి అని చిన్నప్పుడు ఆదివారం బడిలో తనే అడిగి తిట్లు తిన్నది. ఇప్పుడు సూది గాల్లోనే ఆగిపోయింది. అది సాగతీత కాదు. ఒక రాత్రంతా, ఆపైన నాలుగు మెట్లు. ప్రతి మెట్టు మీదా నేనేనని ముందుకు రావడానికి ఆ మనిషికి చోటు ఉంది. అతను తన గోత్రం పేరు విన్నాడు, నిలబడ్డాడు. వంశం పేరు విన్నాడు, నిలబడ్డాడు. ఇంటి పేరు విన్నాడు, అప్పుడూ జనంలోనే నిలబడ్డాడు.

ఆమె తలెత్తి అత్త బల్ల వైపు చూసింది. రెండు కట్టలు ఉన్నాయి. రేపు ఒకటే ఉంటుంది.

సూది పక్కన పెట్టి లేచింది. వెళ్ళి అత్త బల్ల ముందు కూర్చుంది. ఆ చుక్క తనదేననీ, చదును చేసింది కూడా తనేననీ చెప్పేసింది. అత్త వేలు చదువుతున్న పంక్తి చివరి దాకా వెళ్ళి ఆగింది.

"నాకెందుకు చెప్తున్నావమ్మాయ్? నాకు తెలుసుగా. తెలియనాయన ఆ గదిలో ఉన్నాడు."

ఎప్పుడు తెలిసిందని టీచరమ్మ అడిగింది. సోమవారం, వేలు పెట్టిన నిమిషంలోనే అంది అత్త. మనిషికో చెయ్యి ఉంటుందిట. పక్కబల్ల ఆవిడ కింది చుక్క లోతుగా పొడుస్తుంది, కిటికీ వైపు పొడుగాయన మొదటి చుక్కను పైపైనే పొడుస్తాడు, టీచరమ్మ చుక్కలు ఆవగింజలు పేర్చినట్టు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఆ చదునైనది కూడా చుట్టూ వేలితో తడిమితే ఆవగింజంతే ఉందట. మరి ఈ అధ్యాయం తన బల్ల మీదికి పంపింది అత్తేనా అని కూడా అడిగింది. కాదంది అత్త. వంతుల కాగితం రెండు నెలల కిందటిది, ఎవరూ ముట్టుకోలేదు.

"మరి మొదటిరోజే చెప్పెయ్యకుండా ఇన్నాళ్ళు ఎందుకు ఆగారత్తా?"

"నిన్ను పట్టుకోడానికి ఒక్క నిమిషం చాలమ్మా. నువ్వు రావడానికే ఇన్ని రోజులు ఇచ్చాను. రాకపోతే రేపు చెప్పేసేదాన్నే. ఆయన నోట్లో మన్ను కొడుతుంటే చూస్తూ కూర్చోను."

ఆ సైనికుడు కూడా చివరికి ఒప్పుకున్నాడు కదా, అయినా శిక్ష తప్పలేదేమని టీచరమ్మ గొణిగింది. అత్త తల అడ్డంగా ఊపింది.

"పేరు పిలిచాక చెప్పాడమ్మా. అది ఒప్పుకోవడం కాదు, దొరకడం."

తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, ఈ నాలుగు రోజులూ బాబాయి నలిగిపోయాడనీ, ఆ పాపంలో తనకూ వాటా ఉందనీ, ఆయన్ను తనూ క్షమాపణ అడుక్కోవాలనీ అంది. నిజానికి ఆ గదిలో తప్పు లేని మనిషి ఎవరైనా ఉన్నారంటే ఆవిడే అని టీచరమ్మ అనుకుంది. అలాంటి మనిషే ముందు తన వాటా తేల్చుకోవడం చూశాక, ఇక మెషిన్ గదికి వెళ్ళకుండా ఆగడానికి తన కాళ్ళకు వంక దొరకలేదు.

శుక్రవారం ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను, అది అంత పెద్ద సంగతి కాదు కాబట్టి. మేనేజరు కేకలేశాడు. బోర్డు మీది సున్నా చెరిపేశాడు. ఆరు నెలలు టీచరమ్మ రాసిన ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదివించాలన్నాడు. వంద పుస్తకాలు తీసుకున్న వందమందికీ ఆమే స్వయంగా, మెషిన్ ముట్టకుండా, చేత్తో ఒక్కో ఉత్తరం పొడిచి పంపాలన్నాడు. తప్పు ఎవరిదో, దాన్ని ఎలా దాచారో అందులో రాయాలన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. న్యాయంగానే ఉందని ఆమెకూ అనిపించింది.

పెద్ద సంగతి గురువారం సాయంత్రమే జరిగిపోయింది, మెషిన్ గదిలో.

బాబాయి మూత తెరిచి తడిగుడ్డతో లోపల తుడుస్తున్నాడు. నాలుగు రోజులుగా మెషిన్ ఆడలేదు, తుడవడానికి అందులో ఏమీ లేదు. అయినా మూలలన్నీ వేలితో తడిమి, వేలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసుకుంటున్నాడు. టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి చెప్పింది. ఆ చుక్క తనదేననీ, ఉత్తరం వచ్చిన రోజునే చదును చేశాననీ, ఆయన మీద పడుతుందని తెలిసే నోరు మూసుకున్నాననీ చెప్పింది. తిట్టినా పడదామని, కొట్టినా పడదామని సిద్ధపడే వచ్చింది.

బాబాయి తిట్టలేదు. గుడ్డ కింద పెట్టి, చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు.

"అయితే ఆ రోజు నేను దులిపే పెట్టానన్నమాట."

"దులిపే పెట్టారు బాబాయ్ గారూ."

"దులిపినట్టే గుర్తుందమ్మా నాకు. కానీ ఇంతమంది దులపలేదంటుంటే, నాకే మతి తప్పిందేమో అనిపించింది. నిన్న మా అమ్మాయికి ఫోన్ చేసి కూడా చెప్పేశాను. నాన్న చేతులు ఇంక పనికి రావు, తప్పు నాదేనని."

ఆయన ముఖంలో కోపం కోసం వెతికింది టీచరమ్మ. దొరకలేదు. పోయిన వస్తువు దొరికిన మనిషి ముఖంలా ఉంది అది. తను దొంగిలించింది ఒక చుక్కనే అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ ముసలాయన నుంచి ఆయన చేతుల్నే ఎత్తుకుపోయింది. చేసిన తప్పును తను ఇన్ని రోజులు కడుపులో దాచుకుంటే, చెయ్యని తప్పును ఆయన కన్నకూతురి ముందు ఒప్పుకున్నాడు. ఆమెకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

బాబాయికి ఏం చెయ్యాలో తోచక కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"మీ అమ్మాయికి ఫోన్ కలపండి. నేను చెప్తాను."

ఎందుకులే, తనే చెప్పుకుంటానన్నాడు ఆయన. ఆమె వినలేదు. చివరికి ఫోన్ తీసి, వణికే వేళ్ళతో అంకెలు నొక్కి ఆమెకు అందించాడు. రెండోసారి మోగగానే అవతల ఎత్తారు. "నాన్నా" అంది ఒక ఆడగొంతు, కంగారుగా. టీచరమ్మ కళ్ళు తుడుచుకుని, ముందుగా తన పూర్తి పేరు చెప్పింది.